చుట్టుదారి ఎవరి మీదుగా?

అశోకుడు చెట్లు నాటించెను. మన పుస్తకాల్లో రోడ్డు చరిత్ర ఇక్కడ్నించే మొదలవుతుంది. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఏటా ఆ పాఠం నేనే చెబుతాను. ఆ చెట్ల నీడన ఎవరు నడిచారో, ఎవర్ని నడవనీలేదో పాఠంలో ఉండదు. షేర్షా వేయించిన రోడ్డు సంగతి ఉంటుంది. ఆ రోడ్డుకు కంకర కొట్టినవాళ్ళ సంగతి ఉండదు. అందుకని మా రోడ్డు చరిత్ర మేమే రాసుకోవాలి. ఇది గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద ఒక రోడ్డు చరిత్ర. పెద్ద లారీలు మా ఊళ్ళోంచి పోవడానికి వీల్లేదని జనం అడ్డం కూచున్న చరిత్ర. అందులో ఊరు అడిగింది ఒకటి, పల్లె అడిగింది ఇంకొకటి. ఆ తేడా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరి పేరు రాయను. చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి ఈ మూడింటి మధ్య ఏ ఊరి పేరు పెట్టుకున్నా సరిపోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఇందులో కొంత పల్నాడయింది, కొంత బాపట్లయింది. భూమి మాత్రం అదే. మిరప, పత్తి, మధ్యమధ్య పొగాకు, కంది. ఊరికి దక్షిణాన మా పల్లె. ఊరికీ పల్లెకీ నడుమ డొంక. వానలు పడితే ఆ డొంకలో మోకాలిలోతు రేగడి.

మా నాయనమ్మ చెప్పులు చేతబట్టుకుని ఊరు దాటిన మనిషి. ఆ చెప్పులు కుట్టింది మా తాత. ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టినవాడి పెళ్ళానికి ఊరి బజార్లో చెప్పులేసుకుని నడిచే హక్కు లేదు. ఈ సంగతి ఆమె కోపంగా చెప్పేది కాదు. ఎండ గురించో వాన గురించో చెప్పినట్టు చెప్పేది. "అరికాళ్ళు కాలినా సరేనమ్మా, బొడ్రాయి దాటిందాకా చేతిలోనే" అనేది.

చిత్రమేమిటంటే ఆమె పుట్టకముందే ఉత్తర్వు వచ్చేసింది. అప్పుడు మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ అనే దళిత సభ్యుడు ఒక తీర్మానం పెట్టాడు. ఏ కులంవాళ్ళయినా ఏ ఊళ్ళోనైనా ప్రజల రోడ్డు మీద, వీధిలో, కాలిబాటలో నడవొచ్చు. ప్రభుత్వ కచేరీలోకి, బావి దగ్గరికి, చెరువు దగ్గరికి పోవచ్చు. ఇంతే ఆ తీర్మానం. అది నెగ్గింది. సెప్టెంబరు 25న ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. అదే ఏడాది మార్చి 30న తిరువాన్కూరు సంస్థానంలో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవనివ్వండని సత్యాగ్రహం మొదలయింది. 1925 నవంబరుదాకా సాగింది. చివరికి గుడికి మూడు పక్కల రోడ్లు తెరిచారు. నాలుగో పక్క మూసే ఉంచారు.

క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. "నడవడానిక్కూడా ఉద్యమం చేశారా టీచర్?" అంటారు. అప్పుడు రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదివిస్తాను. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని వరసగా ఉంటాయి అందులో. అంబేద్కర్ అధ్యక్షుడుగా ఉన్న కమిటీ ముసాయిదా రాసిన రాజ్యాంగంలోకి రోడ్డు అన్న మాట ఉత్తినే రాలేదు. మా నాయనమ్మ అరికాళ్ళలాంటివి కోట్ల అరికాళ్ళు కాలితే వచ్చింది.

దారిలో నడవనివ్వని వాళ్ళు దారి మాత్రం మా చేతనే వేయించుకున్నారు. 1876 నుంచి 78 దాకా ఈ సీమలో పెద్ద కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు కూలి ఇచ్చాడు. మాదిగలు వేలాదిగా వచ్చి తవ్వారు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా చర్చిల్లో ఇప్పటికీ చెబుతారు. కాలువ గురించి అంతగా చెప్పరు. తీరం వెంట పడవల్లో సరుకు పోయిన దారి అది. సరుకు దారిని తవ్వింది మావాళ్ళు. ఆ దారిన పోయిన సరుకులో మావాళ్ళకు దక్కింది ఆ పూట గంజి.

మా డొంక తారు రోడ్డయ్యేటప్పటికి నాకు ఏడేళ్ళు. 1995. మా అమ్మ ఆ పనికి పోయింది. కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకుని కంకర తట్టలు మోసింది. తారు కాగే పీపా పక్కన మనుషుల మొహాలు కనపడేవి కావు, పొగ. సాయంత్రం ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో పిక్కల మీద తారు తుడుచుకుంటా, "దీని మీద బస్సొస్తదంటనే. నువ్వు బస్సెక్కి పెద్ద బడికి పోవాల" అనేది.

ఆ రోడ్డు మా పల్లెను నడిమికి చీల్చుకుంటా వచ్చి, ఊరి మొగదల సెంటర్లో తేలింది. ఊరికి పడమటగా పొలాల్లోంచి తీసుకుపోవచ్చు. కానీ అక్కడ సెంటు భూమి తీసినా కోర్టుకు పోయేవాళ్ళున్నారు. మా దగ్గర పట్టాలు లేని పాకలు. కొలిచేవాళ్ళు గొలుసు తెచ్చి పల్లె మీద పరిచారు. కొందరి వసారాలు పోయాయి, కొందరి వంటిళ్ళు పోయాయి. పరిహారం అన్న మాట ఎవరూ ఎత్తలా. రోడ్డొస్తుందని కొబ్బరికాయ కొట్టినవాళ్ళున్నారు, ప్రార్థన పెట్టించినవాళ్ళున్నారు. దీన్ని అమాయకత్వం అనుకుంటే పొరపాటు. మా వాళ్ళు లెక్కేసుకున్నారు. రోడ్డంటే బస్సు. బస్సంటే కాన్పుకు ఆస్పత్రి, ఊరి ఆసామి దయతో పనిలేని కూలి, పిల్లలకు హైస్కూలు. ఆ లెక్క తప్పలేదు. ఆరు నుంచి పదిదాకా నేను ఆ బస్సులోనే పోయొచ్చాను. నరసరావుపేటలో డిగ్రీ చేశాను. మా ఇంటావంటా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. 2014 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. కాబట్టి మమ్మల్ని ఎవరూ అభివృద్ధికి అడ్డమని, రోడ్డుకు పగవాళ్ళమని అనక్కర్లేదు. ఆ రోడ్డు విలువ మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

మొదట్లో ఆ రోడ్డు మీదికొచ్చిన లారీలు మిరపకాయలవి. ఫిబ్రవరి నుంచి మేదాకా కళ్ళాల దగ్గర టిక్కీలు ఎత్తుకుని గుంటూరు యార్డుకు పోయేవి. టిక్కీ అంటే నలభై, నలభై అయిదు కిలోలు. మిరపకాయ బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటుంది. అందుకని తాళ్ళు కట్టి మేడంత ఎత్తున పేరుస్తారు. పత్తి బోరేల లారీ రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది. అది ఎదురొస్తే నడిచే మనిషి కాలవలోకి దిగాల్సిందే. అయినా వాటిమీద మాకు పగ లేదు. కోసింది మా ఆడవాళ్ళు, ఎత్తింది మా మగవాళ్ళు. యార్డులో ముఠా కూలీల్లో మా చుట్టాలున్నారు. ఆ లారీలు పంటతో వచ్చి పంటతో పోయేవి.

తర్వాతొచ్చినవి వేరు. నార్కెట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, నరసరావుపేట మీదుగా అద్దంకి, మేదరమెట్లదాకా ఉన్న 212 కిలోమీటర్ల రోడ్డు 2010 తర్వాత నాలుగు వరసలయింది. హైదరాబాదు నుంచి చెన్నై పోయే సరుకుకు అది దగ్గర దారి. మేదరమెట్ల దగ్గర కలకత్తా రోడ్డులో కలుస్తుంది. ఇక ఈ సీమలో లేని బరువు లేదు. పల్నాడు సిమెంటు, పిడుగురాళ్ళ సున్నం, మార్టూరు, బల్లికురవ గ్రానైటు, చీమకుర్తి గెలాక్సీ రాయి, కృష్ణలో తవ్విన ఇసుక. టోలు గేటు తప్పించుకోవాలనుకున్న లారీ, కాటా తప్పించుకోవాలనుకున్న లారీ పెద్ద రోడ్డు దిగి ఊళ్ళ రోడ్లు పట్టాయి. మా అమ్మ తట్టలు మోసిన రోడ్డు అందులో ఒకటయింది.

ఒక ఘనమీటరు గ్రానైటు రాయి మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. ఏడెనిమిది ఘనమీటర్ల దిమ్మ ఒక్కటే ఇరవై టన్నులు దాటుతుంది. పది టైర్ల లారీ, సరుకు కలిపి 25 టన్నులు మించకూడదని అప్పటి నిబంధన. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 60 దాకా రోడ్లు వేసి, వాటిమీద లారీలు తిప్పి పరీక్ష చేశారు. ఇరుసు మీద బరువు రెండింతలయితే రోడ్డుకు తగిలే దెబ్బ రెండింతలు కాదు, సుమారు పదహారింతలని తేలింది. ఈ లెక్క తెలిశాక మా రోడ్డు ఎందుకట్లా గుంటలు పడిందో నాకు అర్థమయింది. అది బస్సుకు, ట్రాక్టరుకు, ఎడ్లబండికి వేసిన రోడ్డు. గుంటలు తప్పించబోయి లారీ పక్కకు కోస్తుంది. పక్కన ఉన్నది పల్లె ఇంటి గడప.

2018 వేసవి కోతల్లో మా పల్లె మనిషి ఒకామె చనిపోయింది. తెల్లారకముందు కూలికి పోవడానికి ఆటో కోసం రోడ్డు వార నిలబడి ఉంది. చేతిలో అన్నం క్యారేజీ. రాయిలారీ కొట్టి పోయింది. ఆగలా. నంబరు ఎవరూ చూళ్ళా. ఆమె పేరు రాయను. ఆమె పిల్లలు నా క్లాసులో కూచున్నారు. కాగితాల్లో గుర్తుతెలియని వాహనం అని రాసుకున్నారు. గుర్తుతెలియని వాహనం మనిషిని చంపితే అప్పటికి చట్టం ఇప్పించే పరిహారం 25 వేల రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 2 లక్షలయింది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా లెక్కలు వేస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చచ్చిపోయారు. అందులో నడిచిపోయేవాళ్ళు 32,825 మంది. గుద్ది పారిపోయిన ప్రమాదాల్లో పోయినవాళ్ళు 30,486 మంది. వయసెంత, ఆడా మగా, హెల్మెట్ ఉందా, రోడ్డు వంపు ఉందా, వాన పడుతోందా అన్నిటికీ గళ్ళున్నాయి. కులానికి గడి లేదు. అడిగితే, "లారీకి కులం తెలుస్తుందా?" అంటారు. లారీకి తెలియదు. కానీ తెల్లారకముందే రోడ్డు వార నిలబడాల్సింది ఎవరు? ఎవరి గడప రోడ్డు మార్జిన్లో ఉంది? మరుగుదొడ్డి లేక చీకట్లో రోడ్డు దాటే ఆడవాళ్ళు ఎవరు? వీటన్నిటినీ కులం ముందే తేల్చిపెట్టింది. లారీ తర్వాత వస్తుంది.

కూలికి పోవడమే ప్రాణాల మీద పందెం. 2020 మే 14న, లాక్‌డౌన్ రోజుల్లో, ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు తెగి మీదపడి కూలీలు మాడిపోయారు. బజారులో కిలో కారం కొనేటప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తుకు రాదు.

మా పల్లెలో ఆ చావు తర్వాత ఊరూ పల్లే కలిసి రోడ్డు మీద కూచున్నాయి. ఈ సీమలో ఊరూ పల్లే కలిసి అనే మాట చిన్న మాట కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ధర్నా, శిబిరం, రాస్తారోకో మా పల్లెలకు ఆ రక్తంలోంచి వచ్చిన విద్యలు. ఊరికి తెలిసిన విద్య ఫోన్ చేయడం. ఎమ్మెల్యేకి చేశారు, ఎస్సైకి చేశారు, మైనింగు ఆఫీసుకు చేశారు. లారీ సెంటర్లో రామాలయం అరుగు గుద్దాక గానీ వాళ్ళ ఫోన్లు పనిచేయడం లేదని వాళ్ళకు అర్థం కాలా. అప్పుడు మా దగ్గరికొచ్చారు.

మొదటి రోజు చూపు ఆనినంత దూరం లారీలు ఆగిపోయాయి. ఊరి ఆడవాళ్ళు వేపచెట్టు కింద కుర్చీల్లో, మా ఆడవాళ్ళు తారు మీద. మంచినీళ్ళ క్యాన్లు రెండు వేరువేరుగా తెచ్చారు. మూడో రోజుకు ఒక క్యానే అయింది, ఎండకు. నేను అందులో కూచోలేదు. ప్రభుత్వ ఉద్యోగి ధర్నాలో కూచోకూడదని నియమాలున్నాయి. నా పని అర్జీలు రాయడం. బళ్ళో పని అయ్యాక మా ఇంటి అరుగు మీద రాసేదాన్ని.

తేడా అక్కడ బయటపడింది. ఊరి పెద్దాయన ఒకరు వచ్చి, "టీచరమ్మా, వంకర టింకర లేకుండా ఒక్కటే రాయి. బైపాసు కావాలి. లారీలు ఊళ్ళోకి రాకుండా ఊరి చుట్టూ తిరిగిపోవాలి. అంతే" అన్నారు.

"చుట్టూ అంటే ఎటు పక్కనండీ?" అన్నాను.

"దక్షిణప్పక్క. అదంతా పోరంబోకేగా."

ఆయన పోరంబోకు అన్నచోట మా శ్మశానం ఉంది. చర్చి వెనక ఇందిరమ్మ ఇళ్ళున్నాయి. మా పిల్లలు ఆడుకునే ఖాళీ జాగా ఉంది. ఉత్తరం పక్క మాగాణి, పడమట వాళ్ళ మిరప చేలు. మా పెదనాయన అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఊరి పెద్ద ముందు ఆయన కూచోగా నేను ఎప్పుడూ చూళ్ళా. ఆ వేళ అరుగు మీద కూచున్నాడు.

"ఊరి చుట్టూ అంటే మా మీదుగా అనేగదయ్యా" అన్నాడు. "ఇప్పుడా రోడ్డు పల్లెలో దూరి ఊళ్ళో తేలతంది. చావో రేవో ఇద్దరం పంచుకుంటన్నాం. బైపాసేస్తే మొత్తం మాకే రాసిచ్చినట్టు."

పెద్దాయన మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆ రాత్రి అర్జీ పూర్తి కాలేదు.

పెదనాయన భయం ఉత్తిది కాదు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో పెద్దకుంట అనే లంబాడీ తండా ఉంది. హైదరాబాదు, బెంగుళూరు రోడ్డుకు వేసిన బైపాసు ఆ తండా పక్కనుంచి పోయింది. తండావాళ్ళు ఏ పనికైనా ఆ నాలుగు వరసలూ దాటాలి. దాటుతూ మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయారు. 2015లో దేశవిదేశాల పత్రికలు వచ్చి దానికి విధవల ఊరని పేరు పెట్టి రాసుకుపోయాయి. బైపాసు ఎవరో ఒక ఊరివాళ్ళకు మేలే చేసి ఉంటుంది. ఆ మేలు ఖరీదు తండా కట్టింది. ఊరికి చుట్టుదారి అయిన చోటు ఇంకొకరికి గుమ్మం అని పటం గీసేవాళ్ళకు కనపడదు. పటంలో ఊరికి పేరు రాస్తారు. పల్లెకూ తండాకూ చుక్క కూడా పెట్టరు.

ఇక రోడ్డెక్కితే ఏమవుతుందో మా ఆడవాళ్ళకు తెలియక కాదు. అంతకు ముందు ఏడాదే తెలుగు నేల మీద రెండు చోట్ల చూశారు. 2017 ఏప్రిల్ 21న చిత్తూరు జిల్లా ఏర్పేడులో, స్వర్ణముఖిలో ఇసుక తవ్వకాలు ఆపాలని మునగలపాలెం రైతులు పోలీసుస్టేషన్ ముందు గుమికూడారు. ఒక లారీ అదుపు తప్పి కరెంటు స్తంభాన్ని గుద్ది జనం మీదికి దూసుకొచ్చింది. లారీ కింద పడి కొందరు, తీగలు తగిలి కొందరు, పదిహేను మందిదాకా చచ్చిపోయారు. లారీల వల్ల బతకలేకపోతున్నామని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు లారీ కిందే పోయారు.

రెండోది నేరెళ్ళ. సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లి మండలం. 2017 జూలై 2న ఇసుక లారీ ఒక మనిషిని చంపింది. అంతకుముందూ చంపాయి. జనం కడుపుమండి లారీలు తగలబెట్టారు. ఆ తర్వాత పోలీసులు నేరెళ్ళ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దళితుల్ని, బీసీల్ని పట్టుకుపోయారు. ఎనిమిది మందిని నడవలేకుండా కొట్టారని బాధితులు, హక్కుల సంఘాలవాళ్ళు చెప్పారు. లోక్‌సభ మాజీ స్పీకర్ మీరాకుమార్ ఆ నెలాఖరున వచ్చి వాళ్ళను చూసింది. సంగతి హైకోర్టుదాకా పోయింది. లారీ తగలబడిన సంగతి ఆ రోజే అందరికీ తెలిసింది. మనుషుల ఒంటి మీద దెబ్బలు లోకానికి తెలియడానికి వారాలు పట్టింది. మా పల్లెవాళ్ళు ఈ వార్త చదివి ఒక నియమం పెట్టుకున్నారు. రాయి ఎత్తకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు, కూచోవాలి అంతే. ఊరివాడు అద్దం పగలగొడితే కేసు పల్లెవాడి మీద పడుతుందని వాళ్ళకు తెలుసు.

నేను సెక్షన్లు చదివి చెప్పాను. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ఉంది. జనం భద్రత కోసం గానీ, రోడ్డు బలం చాలనప్పుడు గానీ, ఫలానా రోడ్డు మీద ఫలానా బండ్లు పోకూడదని ఆంక్ష పెట్టొచ్చు. నెల మించని ఆంక్షకు గెజిట్ కూడా అక్కర్లేదు, ఊళ్ళో చాటింపు చాలు. 113వ సెక్షన్ బరువుకు హద్దు పెడుతుంది. 194వ సెక్షన్ ఆ హద్దు దాటినవాడికి జరిమానా వేస్తుంది. పల్లెలో అందరూ కూచుని మాట్లాడుకున్నారు. చివరికి అర్జీలో ఇవి రాయమన్నారు. బరువు రాయి, ఇసుక ఎత్తే చోటే తూచాలి, ఊరి ముందు కాదు. బడి వేళల్లోనూ, కూలికి పోయే తెల్లవారుజామునా పెద్ద లారీలు రాకూడదు. పల్లెకు రెండు పక్కలా స్పీడు బ్రేకర్లు, దీపాలు కావాలి. రోడ్డు వార నడిచే బాట కావాలి. ఆటో ఆగే చోటుకు షెడ్డు కావాలి. బైపాసు వేసేట్టయితే అది ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో గ్రామసభలో ముందు చెప్పాలి. ఆ గ్రామసభ పల్లెలో పెట్టాలి.

ఒక ముసలాయన ఇంకోటి చేర్చమన్నాడు. "డ్రైవర్ని కొట్టొద్దని రాయమ్మా. మన పిలకాయలు కూడా లారీల మీదే బతుకుతున్నారు." నిజమే. మా పల్లెలో క్లీనర్లున్నారు, డ్రైవర్లున్నారు. టన్ను లెక్కన బాడుగ మాట్లాడుకునే ఓనరు, రెండు ట్రిప్పుల వేళలో మూడు ట్రిప్పులు వేయమనే కాంట్రాక్టరు రోడ్డు మీద కనపడరు. కనపడేది నిద్రలేని డ్రైవరు. లారీ కింద పడేవాడూ, లారీ నడిపేవాడూ ఒక్కోసారి ఒకే పల్లెవాళ్ళు.

ఊరు మొదట ఒప్పుకోలేదు. బైపాసు ఒక్కటే పెట్టమన్నారు. మా ఆడవాళ్ళు రెండు రోజులు ధర్నాకు పోలేదు. తారు మీద కూచునేవాళ్ళు లేక ధర్నా వేపచెట్టు కిందికి ముడుచుకుపోయింది. లారీలు పోవడం మొదలుపెట్టాయి. మూడో రోజు పెద్దాయన మళ్ళీ మా అరుగు దగ్గరికొచ్చారు. "నువ్వు రాసిందే పంపించు టీచరమ్మా" అన్నారు. ఊరి సంతకాలు పల్లె వేలిముద్రల కింద పడిన మొదటి కాగితం అదేననుకుంటాను.

నెల రోజుల ఆంక్ష వచ్చింది. చాటింపు వేశారు. నెల నిండిన మర్నాడు లారీలు మళ్ళీ వచ్చాయి. మళ్ళీ కూచున్నారు. స్పీడు బ్రేకర్లు మొదట రామాలయం దగ్గర వేశారు. చర్చి దగ్గర వేయడానికి ఇంకోసారి రోడ్డెక్కాల్సి వచ్చింది. దీపాలు వచ్చాయి. షెడ్డు రాలేదు. బరువు తగ్గించమని మేం అర్జీ పెట్టిన ఆ ఏడాదే, జూలైలో, కేంద్రం పది టైర్ల లారీ బరువు హద్దును 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఢిల్లీలో ఎవరి అర్జీ చేరిందో దీన్నిబట్టే తెలుస్తుంది. 2019 సవరణ చట్టం అధిక బరువుకు జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి టన్నుకూ 2 వేలు చేసింది. జరిమానా ఎంత పెంచినా తూచే చోట తూచకపోతే అది కాగితమే. 2019 ఏప్రిల్‌లో కృష్ణలో అక్రమ ఇసుక తవ్వకాలు ఆపలేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వాన్ని మధ్యంతరంగా 100 కోట్ల రూపాయలు కట్టమంది. ఆ ఇసుక నదిలోంచి నడిచి పోలేదు. ప్రతి బండెడూ ఏదో ఒక పల్లె గుమ్మం ముందునుంచే పోయింది. ఆ పల్లెల పేర్లు ఏ తీర్పులోనూ రాలేదు.

బైపాసు ఇంకా రాలేదు. వస్తుందని ఎన్నికలప్పుడల్లా చెబుతారు. వస్తే రానీ. మేం రోడ్డు వద్దనే మనుషులం కాదు. కానీ ఇప్పుడు మా పల్లెలో ప్రతి పిల్లవాడికీ పటం చదవడం వచ్చు. నేను నేర్పాను. ఉత్తరం ఎటో, ఏ సర్వే నంబరు ఎవరిదో, పోరంబోకు అని రాసిన చోట ఎవరి తాత సమాధి ఉందో వాళ్ళు చూపించగలరు. నూరేళ్ళ కిందట రోడ్డు మీద మమ్మల్ని నడవనివ్వండని అడిగాం. ఇప్పుడు మేం నడిచే రోడ్డు మీద మమ్మల్ని బతకనివ్వండని అడుగుతున్నాం. లారీ ఊరి చుట్టూ పోవాలి అని ఎవరైనా అన్నప్పుడు, ఎటు పక్కనుంచి అని ఒక్క మాట అడగండి. జవాబు చెప్పడానికి వాళ్ళకు ఎంతసేపు పడుతుందో చూడండి.